రక్త పరీక్షతో పార్కిన్సన్స్ తేలిపోతుందా? నాన్న విషయంలో సలహా కావాలి

పెద్దకూతురు:

అందరికీ నమస్కారం. కాస్త పెద్దగానే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మా నాన్నకి 63 ఏళ్లు. ఏడెనిమిది నెలలుగా కుడిచెయ్యి వణుకుతోంది. పని చేసేటప్పుడు కాదు, ఊరికే కూర్చున్నప్పుడు. చెయ్యి ఒళ్లో పెట్టుకుని ఎవరి మాటైనా వింటుంటే బొటనవేలూ చూపుడువేలూ ఏదో చిన్న పూసని నలుపుతున్నట్టు ఆడుతుంటాయి. గ్లాసు అందుకోగానే ఆగిపోతుంది. కింద పెట్టి కూర్చుంటే మళ్లీ మొదలు. చాలాసార్లు ఆ సంగతి నాన్నకే తెలియదు. మేం చెయ్యి పట్టుకుంటే అప్పుడు చూసుకుంటారు.

నాకు భయం వేసింది మాత్రం వణుకు చూసి కాదు. నాన్న ఎప్పటినుంచో డైరీ రాస్తారు. పోయినవారం ఏదో తేదీ కోసం పాతవి తిరగేశాను. మూడేళ్ల కిందటి పేజీల్లో అక్షరాలు గుండ్రంగా, నిండుగా ఉన్నాయి. ఈ ఏడాది పేజీల్లో లైను మొదట్లో అక్షరం మామూలుగానే ఉంటోంది, పోనుపోను చిన్నదైపోతోంది. చివరికొచ్చేసరికి గుడి ఏదో కొమ్ము ఏదో పోల్చుకోలేకపోయాను. వత్తులైతే చుక్కలైపోయాయి. ఆ పుస్తకం ఒళ్లో పెట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

మా డాక్టరు పార్కిన్సన్స్ కావచ్చని న్యూరాలజిస్టుకి రాసిచ్చారు. అపాయింట్‌మెంట్‌కి ఇంకా మూడు వారాలుంది. ఈలోగా తమ్ముడు ఒక వార్త పంపాడు, "లక్షణాలు రావడానికి ఏడేళ్ల ముందే రక్త పరీక్షతో పార్కిన్సన్స్ పట్టేయొచ్చు" అని. ఒక ల్యాబ్‌కి ఫోన్ చేస్తే వాళ్ల దగ్గర "పార్కిన్సన్స్ ప్యానెల్" ఉందన్నారు. అందులో ఆల్ఫా సిన్యూక్లిన్ అనే ప్రొటీన్ లెవెల్, ఇంకా కొన్ని జీన్లు చూస్తారట. ఆ లెవెల్ ఎంతుంటే జబ్బు ఉన్నట్టు అని అడిగాను. రిపోర్టులో ఎక్కువ తక్కువ అని వస్తుంది, మిగతాది మీ డాక్టరు చెప్తారు అన్నారు. అక్కడే నాకు మనసు ఒప్పలేదు.

నాన్న మాత్రం "షుగర్‌కి రక్తం తీసి చెప్పేస్తున్నారుగా, దీనికీ తీస్తే ఒక మాట తేలిపోతుంది కదమ్మా" అంటున్నారు. ఆ ఒక్క మాట కోసం మనిషి ఎంత ఎదురుచూస్తున్నారో నాకు తెలుస్తోంది. ఈ పరీక్ష చేయించమంటారా? తెలిసినవాళ్లు చెప్పండి.

ఎడమచెయ్యి:

అమ్మా, నాకు తొమ్మిదేళ్లుగా పార్కిన్సన్స్ ఉంది. నీ ప్రశ్న చదివి వెంటనే రాయాలనిపించింది.

ముందుగా ఒక పని చెయ్యి. నాన్నగారు ఇప్పుడు వాడుతున్నవీ, గత ఏడాదిలో వాడి మానేసినవీ మందులన్నీ ఒక కాగితం మీద రాసి ఉంచు. కళ్లు తిరుగుతున్నాయని ఇచ్చే సినరిజిన్, తలనొప్పికి ఇచ్చే ఫ్లూనరిజిన్, వాంతులకి ఇచ్చే మెటోక్లోప్రమైడ్, మానసిక సమస్యలకి ఇచ్చే హాలోపెరిడాల్ లాంటివి, మూర్ఛకి ఇచ్చే వాల్‌ప్రోయేట్, వీటివల్ల అచ్చం పార్కిన్సన్స్ లాంటి లక్షణాలే రావచ్చు. ఆ మందు మానిపిస్తే చాలామందికి నెలల్లో తగ్గుతుంది. సొంతంగా మాత్రం దేన్నీ ఆపవద్దు, కాగితం డాక్టరుకి చూపించు.

నా సంగతి చెప్తాను. నాకు వణుకు తర్వాత వచ్చింది. ముందు ఎడమ భుజం పట్టేసింది. ఏడాదిపాటు భుజానికే వైద్యం జరిగింది. రక్తం ఎన్నిసార్లు ఇచ్చానో లెక్కలేదు, అన్ని రిపోర్టులూ బాగున్నాయి. చివరికి కదలికల జబ్బులు చూసే డాక్టరు దగ్గరికి వెళ్తే ఇరవై నిమిషాల్లో తేలింది. బొటనవేలికి చూపుడువేలు తగిలిస్తూ వీలైనంత పెద్దగా, వేగంగా తట్టమన్నారు. కుడిచెయ్యి బాగానే తట్టింది. ఎడమచెయ్యి మొదటి అయిదారుసార్లు సరిగ్గానే చేసింది, తర్వాత వేళ్లు తెరుచుకోవడమే తగ్గిపోతూ వచ్చి ఒకచోట నిలిచిపోయింది. నేను ఆపలేదు, అదే ఆగింది. నా చెయ్యిని నేనే పరాయివాడి చెయ్యిలా చూశాను. తర్వాత మణికట్టు పట్టుకుని తిప్పారు, సైకిల్ పళ్లచక్రం మీద గొలుసు తగులుతూ కదిలినట్టు టక్ టక్ మని ఆగి ఆగి తిరిగింది. నడవమన్నారు, ఎడమచెయ్యి ఊగలేదు. అంతే.

2015లో అంతర్జాతీయ మూవ్‌మెంట్ డిజార్డర్ సొసైటీ వాళ్లు పెట్టిన ప్రమాణాల్లో కూడా మొదటి మెట్టు ఇదే. కదలికల్లో మందగింపు ఉండాలి, దానికి తోడు విశ్రాంతిలో వణుకైనా బిగుతైనా ఉండాలి. అది రక్తంలో దొరకదమ్మా, చేతిలో దొరుకుతుంది.

ఆ డైరీలు తప్పకుండా తీసుకెళ్లు. రెండు పేజీలు పక్కపక్కన పెట్టి చూపించు.

ప్లాస్మా:

పెద్దకూతురు గారూ, నేను డాక్టర్ని కాను. మెదడు జబ్బుల మీద జరిగే పరిశోధనల కోసం రక్తం, వెన్నునీరు శాంపిల్స్ సిద్ధం చేసే పనిలో పదకొండేళ్లుగా ఉన్నాను. మీరు చెప్పిన "లెవెల్" గురించి నాకు గట్టి అభిప్రాయమే ఉంది, అందుకే వివరంగా రాస్తున్నాను.

నాన్నగారి మాటలో న్యాయం ఉంది. కానీ షుగర్ విషయంలో జబ్బు రక్తంలోనే కనిపిస్తుంది, గ్లూకోజ్ అక్కడే తిరుగుతుంది, కొలిస్తే సరిపోతుంది. పార్కిన్సన్స్‌లో గొడవంతా మెదడు లోపల. కదలికలకి కావలసిన డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు నశిస్తూ పోతాయి. చెయ్యి వణికే నాటికి వాటిలో పెద్ద వాటానే పోయి ఉంటుంది. మిగిలిన కణాల్లో ఆల్ఫా సిన్యూక్లిన్ అనే ప్రొటీన్ ముద్దలు కట్టి కనిపిస్తుంది. ఆ ముద్దల్ని 1912లోనే ఫ్రిట్జ్ లూయీ చూశాడు, అందుకే లూయీ బాడీలంటారు. వాటిలో ఉన్నది ఈ ప్రొటీన్ అని తేలడానికి 1997 దాకా పట్టింది.

అయితే ఆ ప్రొటీన్‌నే రక్తంలో కొలిస్తే పోలేదా అని అందరూ ముందు అనుకున్నారు. ఇక్కడే పెద్ద చిక్కు. రక్తంలో ఉండే ఆల్ఫా సిన్యూక్లిన్‌లో 99 శాతానికి పైగా ఎర్ర కణాల్లోనే ఉంటుంది. అది మెదడు నుంచి వచ్చింది కాదు.

నా బల్ల మీద ఇది రోజూ కనిపిస్తుంది. ఊదారంగు మూత ఉన్న ట్యూబులో రక్తం వస్తుంది. సెంట్రిఫ్యూజ్‌లో పెట్టి తిప్పి తీస్తే అడుగున ముదురు ఎరుపు, దాని మీద గోరంచు మందాన తెల్లటి పొర, పైన లేత పసుపు ప్లాస్మా. ఆ పసుపు తేటగా ఉంటే నాకు ప్రాణం కుదుటపడుతుంది. ఒక్కోసారి గులాబీ ఛాయ కొడుతుంది. సూది సన్నదై రక్తాన్ని బలంగా లాగి ఉంటారు, లేదా ట్యూబుని గట్టిగా కుదిపి ఉంటారు. కొన్ని ఎర్ర కణాలు పగిలాయన్నమాట. ఆ శాంపిల్‌లో ఆల్ఫా సిన్యూక్లిన్ కొలిస్తే అంకె ఒక్కసారిగా పైకి పోతుంది. రక్తం ఇచ్చిన మనిషి మెదడులో ఏమీ మారలేదు, మారింది సూది పోటు. కంటికి గులాబీ కనిపించనంత కొద్దిగా పగిలినా అంకె మారుతుంది. పరిశోధన పత్రాల్లో ఒకరు పార్కిన్సన్స్‌లో లెవెల్ ఎక్కువన్నారు, ఒకరు తక్కువన్నారు, ఒకరు తేడా లేదన్నారు. అందుకే ఆ ప్యానెల్‌లోని లెవెల్ మీద నాన్నగారి ఆశ పెట్టించకండి. "ఎక్కువ" అని వచ్చినా "తక్కువ" అని వచ్చినా న్యూరాలజిస్టు చేసే నిర్ణయం మారదు, ఇంట్లో నిద్ర మాత్రం పోతుంది.

ఇప్పుడు అసలు ముందడుగు ఎక్కడ పడిందో చెప్తాను, ఎందుకంటే ఈ రంగంలో మంచి పని కూడా జరిగింది. ప్రొటీన్ ఎంత ఉంది అని కాకుండా ఎలా మడత పడింది అని చూడటం మొదలుపెట్టారు. తప్పుగా మడత పడిన ఆల్ఫా సిన్యూక్లిన్‌కి ఒక గుణం ఉంది. ఒక గొర్రె గోతిలో దూకితే మంద మొత్తం దూకినట్టు, పక్కనున్న మంచి ప్రొటీన్‌ని కూడా తన దారికి లాగుతుంది. ఆ గుణాన్నే పరీక్షగా మార్చారు. చిన్న గుంటల పళ్లెంలో ల్యాబ్‌లో తయారైన మంచి ప్రొటీన్ పోసి, రోగి శాంపిల్ కొద్దిగా కలిపి, ముద్ద కడితే వెలిగే రంగు వేసి, గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి కుదుపుతూ ఉంచుతారు. శాంపిల్‌లో తప్పుడు మడత విత్తనం ఉంటే కంప్యూటర్ తెర మీద గీత చాలాసేపు నేలబారుగా పాకి, ఉన్నట్టుండి పైకి లేస్తుంది. లేకపోతే అలాగే పడి ఉంటుంది. మొదటిసారి ఆ గీత లేవడం చూసినప్పుడు సంతోషం, దిగులు రెండూ కలిగాయి, ఎవరిదో శాంపిల్ అది.

వెన్నునీటి మీద దీని ఫలితాలు గట్టివే. పీపీఎంఐ అనే పెద్ద అధ్యయనం 2023లో లాన్సెట్ న్యూరాలజీలో వచ్చింది. 1,123 మందిని చూశారు. పార్కిన్సన్స్ ఉన్నవాళ్లలో 87.7 శాతం మందికి పాజిటివ్ వచ్చింది, ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో 96.3 శాతం మందికి నెగటివ్ వచ్చింది. వాసన తెలియడం తగ్గినవాళ్లలో ఇంకా బాగా పట్టింది. ఎల్ఆర్ఆర్‌కే2 జీన్ మార్పుతో జబ్బు వచ్చినవాళ్లలో మాత్రం దాదాపు మూడోవంతు మందిని పట్టలేకపోయింది. కాబట్టి నెగటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు లేదని కొట్టేయలేం. పైగా నడుములో సూది గుచ్చి నీరు తీయాలి.

అదే పని రక్తంతో చేయాలని చూస్తున్నారు. జపాన్‌లోని జుంటెండో విశ్వవిద్యాలయం వాళ్లు సీరంలోని విత్తనాల్ని యాంటీబాడీలతో ముందు వలవేసి పట్టి, తర్వాత పెంచి చూపించారు, 2023లో నేచర్ మెడిసిన్‌లో వచ్చింది. అంతకు ముందు ఏడాది జర్మనీలోని కీల్‌లో నాడీకణాల నుంచి రక్తంలోకి వచ్చే అతిచిన్న బుడగల్ని వేరుచేసి, అందులో వెతికారు. ఆ బుడగలు నిజంగా నాడీకణాలవేనా అన్నదాని మీద శాస్త్రవేత్తల మధ్య ఇంకా వాదన ఉంది. రెండూ నాకు ఆశ కలిగించినవే. కానీ ఒక ల్యాబ్‌లో కొద్దిమంది మీద వచ్చిన ఫలితం వేరే చేతుల్లో, వేరే ట్యూబుల్లో, వేల మందిలో అలాగే రావాలి. గులాబీ ప్లాస్మా చూసి చూసి నాకు ఈ మాట మీద నమ్మకం స్థిరపడింది.

డాక్టరుకి ఇప్పటికే కొంత ఉపయోగపడేది ఇంకొకటి ఉంది, న్యూరోఫిలమెంట్ లైట్ చైన్. నాడీతంతువులు దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి వస్తుంది. పార్కిన్సన్స్‌లో ఇది పెద్దగా పెరగదు. పార్కిన్సన్స్‌లాగే మొదలై వేరే దారి పట్టే జబ్బులున్నాయి, మల్టిపుల్ సిస్టమ్ అట్రోఫీ, ప్రోగ్రెసివ్ సూప్రాన్యూక్లియర్ పాల్సీ లాంటివి. వాటిలో బాగా పెరుగుతుంది. కాబట్టి అది ఏ జబ్బో చెప్పదు, "ఇది మామూలు పార్కిన్సన్స్ కాకపోవచ్చు, జాగ్రత్తగా చూడండి" అని డాక్టరుకి ఒక సైగ చేస్తుంది. వయసుతోనూ, కిడ్నీ సరిగ్గా పనిచేయకపోయినా కూడా పెరుగుతుంది, అదీ గుర్తుండాలి.

జీన్ల పరీక్ష సంగతి వేరు. అది జబ్బు ఉందని చెప్పదు, వచ్చే అవకాశం గురించి చెప్తుంది. దాని ఫలితం మీ మీదా మీ తమ్ముడి మీదా కూడా పడుతుంది. ఎవరితోనూ మాట్లాడకుండా ప్యానెల్‌లో భాగంగా చేయించుకునేది కాదది.

రాత్రిమెలకువ:

ప్లాస్మా గారూ, మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. మా వారు నిద్రలో అరుస్తారు, కలలో ఎవరితోనో పోట్లాడుతూ చేతులు విసురుతారు. ఒకసారి మంచం మీంచి పడ్డారు. నిద్ర పరీక్ష చేసి ఆర్‌ఈఎం నిద్ర ప్రవర్తన సమస్య అన్నారు. ఇది పార్కిన్సన్స్‌కి ముందు రావచ్చని చదివినప్పటి నుంచి నాకే నిద్ర లేదు. ఈ ఏడేళ్ల ముందు చెప్పే పరీక్ష మాలాంటివాళ్ల కోసమేనా?

ప్లాస్మా:

అవునండీ, ఆ వార్త నిజంగా మీలాంటి వాళ్ల గురించే. వార్త శీర్షికలో ఆ సంగతి రాయరు.

అది 2024లో నేచర్ కమ్యూనికేషన్స్‌లో వచ్చింది, లండన్ యూనివర్సిటీ కాలేజీ, జర్మనీలో గోటింగెన్ వాళ్ల పని. రక్తంలో ఎనిమిది ప్రొటీన్లు కొలిచి, ఆ ఎనిమిదింటి పోకడ చూసి కంప్యూటర్ నిర్ణయించేలా చేశారు. మీవారిలా నిద్ర సమస్య ఉన్న 72 మందిని చూస్తే 79 శాతం మంది రక్తం పార్కిన్సన్స్ ఉన్నవాళ్ల రక్తాన్ని పోలి ఉంది. ఏళ్లు గడిచాక వాళ్లలో 16 మందికి పార్కిన్సన్స్ గానీ దానికి దగ్గరి జబ్బు గానీ బయటపడింది, అందరినీ ముందే సరిగ్గా గుర్తించింది. మిగతావాళ్లని ఇంకా గమనిస్తున్నారు. చాలా మంచి పని. కానీ అది అప్పటికే నిద్ర సమస్య తేలినవాళ్లలో, పరిశోధనలో భాగంగా. మామూలు జనం మీద కాదు.

మామూలు జనం మీద ఇలాంటి పరీక్ష పెడితే ఏమవుతుందో ఒక్కసారి లెక్క వేసి చూడండి. 60 దాటినవాళ్లలో సుమారు నూటికి ఒకరికి పార్కిన్సన్స్ ఉంటుంది. 1,000 మందిని తీసుకుంటే 10 మంది. ఉన్నవాళ్లలో 90 శాతం మందిని పట్టే, లేనివాళ్లలో 90 శాతం మందికి సరిగ్గా లేదని చెప్పే పరీక్ష ఉందనుకోండి. 10 మందిలో 9 మందిని పడుతుంది. మిగతా 990 మందిలో 99 మందికి తప్పుగా ఉందంటుంది. పాజిటివ్ వచ్చిన 108 మందిలో నిజంగా ఉన్నది 9 మందికి. ఆ 99 మంది ఇంటికెళ్లి ఏం అనుభవిస్తారో నేను ఊహించుకోలేను. అదే పరీక్ష చెయ్యి ఊగడం ఆగిపోయి, అక్షరం చిన్నదైన మనిషికి చేస్తే అర్థం వేరు.

మీ వారి విషయంలో, ఈ నిద్ర సమస్య ఉన్నవాళ్లలో ఏళ్లు గడిచాక పార్కిన్సన్స్ గానీ దానికి దగ్గరి జబ్బు గానీ వచ్చే అవకాశం ఎక్కువన్నది నిజం, దాచను. జబ్బును ఆపే మందు ఇంకా రాలేదన్నదీ నిజం. ఇప్పటికి చేయవలసింది మంచం చుట్టూ గట్టి వస్తువులు లేకుండా చూడటం, న్యూరాలజిస్టు దగ్గరికి క్రమంగా వెళ్తుండటం. ఒంటికి మంచి వ్యాయామం ఉంటే ఇంకా మంచిది. మీరు కూడా నిద్రపోవాలండీ.

పెద్దకూతురు:

అందరికీ కృతజ్ఞతలు. న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లొచ్చాం. ప్యానెల్ చేయించలేదు.

ఎడమచెయ్యి గారూ, మీరు రాసినట్టే జరిగింది. మందుల కాగితం ముందు అడిగారు, అందులో అనుమానించేది ఏదీ లేదన్నారు. వేళ్లు తట్టించినప్పుడు నాన్న కుడిచెయ్యి ఏడోసారికి చిన్నదైపోయింది. నేను లోపల లెక్కపెడుతూనే ఉన్నాను. డైరీలు రెండూ బల్ల మీద పెట్టాను. డాక్టరు పాత పేజీ, కొత్త పేజీ మార్చి మార్చి చూసి, "ఇది నాకు చాలా సాయం చేసింది" అన్నారు. రక్తం తీశారు, థైరాయిడ్‌కీ బీ12కీ. పార్కిన్సన్స్ అనే అన్నారు. స్కాన్ ఇప్పుడు అవసరం లేదు, లెవోడోపా అనే మందు కొద్ది మోతాదులో మొదలుపెట్టి చెయ్యి ఎలా స్పందిస్తుందో చూద్దామన్నారు. మూడు నెలల తర్వాత మళ్లీ రమ్మన్నారు.

బయటికొచ్చాక నాన్న కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "చెయ్యి చూసి చెప్పాడమ్మా, కాగితం చూసి కాదు" అన్నారు. ఏడుస్తారేమో అనుకున్నాను, ఏడవలేదు. మొన్న ఇదంతా చదివి వినిపించాను. గులాబీ ప్లాస్మా దగ్గర ఆపి మళ్లీ చదవమన్నారు. ఇప్పుడు ప్లాస్మా గారిని ఒకటి అడగమంటున్నారు. పరిశోధనకి తన రక్తం పనికొస్తుందా, ఇప్పటికే మాత్రలు మొదలయ్యాయి కదా అని.

ప్లాస్మా:

నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి. తప్పకుండా పనికొస్తుంది.

మాత్రలు మొదలయ్యాయా లేదా అని అడిగారంటే సరైన చోటే ఆలోచించారు. డోపా డీకార్బాక్సిలేజ్ అని ఒక ఎంజైమ్ ఉంది, లెవోడోపాని డోపమైన్‌గా మార్చేది అదే. పార్కిన్సన్స్‌లో, దాని దగ్గరి జబ్బుల్లో రక్తంలోనూ వెన్నునీటిలోనూ ఇది పెరుగుతుందని 2023లో తేలింది, దాన్ని కూడా జబ్బుకి గుర్తుగా వాడాలని చూస్తున్నారు. కానీ లెవోడోపాతో కలిపి ఇచ్చే కార్బిడోపా లాంటి మందుల వల్ల కూడా రక్తంలో అది పెరుగుతుంది. మందు సంగతి తెలియకుండా ఆ శాంపిల్ నా చేతికొస్తే పెరిగింది జబ్బు వల్లా మందు వల్లా అన్నది ఎవరూ చెప్పలేరు.

అందుకని నాన్నగారి అనుమతి తీసుకుని చేసే, నైతిక కమిటీ ఒప్పుకున్న అధ్యయనంలోనే చేరండి, అలాంటివి జరుగుతున్నాయేమో న్యూరాలజిస్టునే అడగండి. రక్తం ఇచ్చే రోజు మందు పేరు, మోతాదు, ఏ తేదీన మొదలుపెట్టారు, ఆ రోజు ఎన్నింటికి వేసుకున్నారు, ఇవి ఒక కాగితం మీద రాసి తీసుకెళ్లండి. తీసేవాళ్లు ట్యూబుని కుదుపుతుంటే, నెమ్మదిగా తలకిందులు చేసి కలపమని చెప్పండి. నాన్నగారు చెప్తే వింటారు.